నాలుగో జవాబు

కౌనస్‌లో నవంబరు వచ్చిందంటే
నాలుగున్నరకే దీపాలు.
ఒకప్పుడు మేజోళ్లు అల్లిన ఫ్యాక్టరీ, మూడో అంతస్తు.
వేడినీళ్ల గొట్టం పక్క బల్ల నాది,
కిటికీ పక్కది రిమ్వీదస్‌ది.
మధ్య గోడంతా ఒక రాజ్యం:
పసుపు చీటీలు, ఎర్ర దారాలు, గుండుసూదులు.

వెల్మారాకు రాణిని పుట్టించి పద్నాలుగు నెలలు.
ఇస్మేరా. పందొమ్మిదేళ్లు.
తండ్రి సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు,
ఉప్పు మీద పన్ను పెంచమంటారు మంత్రులు,
పెంచితే పడవలు తగలబెడతామంటారు రేవువాళ్లు.
ఆమె చెయ్యి అందుకోవాలని ముగ్గురు:
సేనాని కొడుకు, పొరుగుదేశపు రాయబారి,
వేళ్ల మీద సిరా ఎప్పుడూ ఆరని కోశాధికారి.
ఆడేవాళ్ల మనసు ఎటు మొగ్గితే
రాజ్యం అటు ఒరుగుతుంది.

చెప్పడానికి ఇంతే.
రాయడానికి కూచుంటే
ఒక్కో "ఔను" కడుపునా నాలుగు "అయితే"లు.
"నువ్వు ఒక్క ముద్దు రాశావు,
నాకు నలభై తలుపులు బిగించే పని పడింది"
అని సణుగుతాడు రిమ్వీదస్.
అతని లెక్కలో ప్రేమ ఒక అంకె.
ఐదు చేరితే తోట తలుపు తెరుచుకుంటుంది.
నాలుగైతే వాన పడుతుంది,
రాయబారి గొడుగు చేతికిచ్చి వెళ్లిపోతాడు.
నాలుగుకీ ఐదుకీ నడుమ ఏముంటుందని అడిగాను.
"దశాంశాలు పెట్టను" అన్నాడు, తల తిప్పకుండా.

రెండో అధ్యాయంలో చచ్చిపోయిన సేనాని
ఏడో అధ్యాయం పెళ్లిలో ప్రత్యక్షమయ్యాడు,
మెడలో బాణంతో, వధువును దీవిస్తూ.
మూడు రోజులు వెతికాం.
ఎక్కడో ఒక సున్నా ఒకటైంది,
బతికే ఉన్నాడని యంత్రం నమ్మేసింది.

పని తెమలని సాయంత్రాలు
నెరిస్ వచ్చి నెమునస్‌లో కలిసే కొసదాకా నడుస్తాను.
కలిశాక కూడా కొంత దూరం రెండు నీళ్లూ వేరువేరుగానే,
అలిగి ఒకే మంచం మీద పడుకున్నవాళ్లలా.
కథను చీల్చడం నాకు వచ్చు.
చీలినవి మళ్లీ కలిసేదెట్లాగో
ఈ ఒడ్డున నిలబడితే సగం అర్థమవుతుంది,
చలికి మిగతా సగం మరిచిపోతాను.

ఆటను మొట్టమొదట ఆడి చూసింది
కింది అంతస్తు అల్దోనా.
డెబ్బై ఒకటేళ్లు, పాత నోటరీ.
సింహాసనం ముందు మోకరిల్లి రాయబారి అడుగుతాడు:
"మా సైన్యాన్ని నీ వంతెన దాటనిస్తావా?
నన్ను పెళ్లాడతావా?"
మూడు జవాబులు. పన్నెండు సెకన్లు.
అల్దోనా మౌసు వదిలేసి
నల్లరొట్టెకు వెన్న రాసుకుంటోంది.
గడువు తీరింది. తెర నల్లబడింది. మళ్లీ మొదలు.
మళ్లీ ఊరుకుంది. మూడోసారీ అంతే.
"ఏదో ఒకటి నొక్కండి" అన్నాను.

"ఎందుకు నొక్కాలి?
సంతకం సంతకం అని తొందరపెట్టేవాళ్ల ముందు
నలభై ఏళ్లు ఇలాగే కూచున్నాను.
కాసేపు చూస్తే వాళ్లే అసలు మాట కక్కుతారు.
మీ రాణికి నోరు మూసుకునే హక్కయినా లేదా?"

ఆ రాత్రి నాలుగో జవాబు రాశాను.
అందులో అక్షరం లేదు, ఖాళీ గడి.
రాణి చూస్తుంది, అంతే.
రాయబారి ముందు ఉంగరం సర్దుకుంటాడు.
తర్వాత దగ్గుతాడు.
ఆ తర్వాత (ఇది నేననుకున్నది కాదు, చెయ్యి రాసుకుపోయింది)
వంతెన అవతల సైన్యమే లేదని చెప్పేస్తాడు.
ఉత్త చేతులతో వెళ్తే అన్న తల తీయిస్తాడని,
ఈ కొలువులో తనకు నచ్చింది
పొద్దుటిపూట పద్దులు రాస్తూ
కోశాధికారి తీసే కూనిరాగం ఒక్కటేనని.

రిమ్వీదస్ చదివాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
నేనూ కదిలించలేదు.
గొట్టంలో నీళ్లు టక్కుటక్కుమంటున్నాయి.
"ఇక్కడ ప్రేమ ఎంత పెంచుదాం?" అన్నాను చివరికి.
"ఇప్పుడు నాలుగుంది కదా," అన్నాడు,
"నాలుగున్నర చెయ్యి."

తెల్లవారుజామున మొదటినుంచీ ఆడి చూశాం.
పెళ్లిలో సేనాని మళ్లీ ఉన్నాడు, బాణంతో సహా.
ఈసారి వెతకలేదు.
వెనక వరసలో
అతనికో కుర్చీ వేశాం.